మిగిలిన పద్దెనిమిది గోళీలు

మా విమల కీళ్లు వాచి మంచాన పడ్డప్పుడు డాక్టరుగారు నన్ను ఒక్క మాట అడిగారు. "గొంతునొప్పికి ఇచ్చిన గోళీలు పది దినాలు వేసిన్రా?"

"వేసినం సాబ్" అన్నాను.

వేయలేదు. నాలుగు రోజులే వేశాం. ముప్ఫై గోళీల్లో పద్దెనిమిది మిగిలాయి. అందులో ఏడు నేను మింగాను, పదకొండు మోరీ కాలువలో పారేశాను. ఈ సంగతి ఏడాదిన్నర దాకా నేను తప్ప ఇంకెవరూ ఎరగరు. నా బదులు నా భార్య అనసూయ మాటలు పడింది.

ఈమధ్య మా చుట్టాలింట్లో ఒక శుభకార్యానికి వెళ్లినప్పుడు ఒకావిడ విమలను చూసి, "ఐస్‌క్రీం తిని గుండెకు తెచ్చుకున్న పోరి ఈమెనేనా?" అని పక్కావిడను అడిగింది. పదేళ్లయినా ఆ మాట ఇంకా తిరుగుతూనే ఉంది. మా ఇంట్లో నలుగురికీ నిజం తెలుసు. బయటివాళ్లకు చెప్పడం నా బాధ్యత అనిపించి ఇది రాస్తున్నాను. ఇలాంటి పొరపాటు ఇంకొక ఇంట్లో జరగకూడదని కూడా.

అరవై ఆరో సంవత్సరం, వానాకాలం మొదలు. నాంపల్లి స్టేషను దగ్గర ఒక సందులో రెండు గదులు కిరాయికి తీసుకుని ఉండేవాళ్లం. నేను, మా అమ్మ, అనసూయ, పదకొండేళ్ల విమల. ఆబిడ్స్‌లో ఒక బట్టల కంపెనీ ఆఫీసులో నాకు గుమాస్తా పని.

బడులు తెరిచిన కొన్నాళ్లకే విమలకు గొంతు పట్టింది. ఉమ్మి కూడా మింగలేకపోయింది. జ్వరం కాలిపోయేది. మా సందు చివర ఉన్న దవాఖానకు తీసుకెళ్తే డాక్టరుగారు గొంతులో చూసి, పెన్సిలిన్ గోళీలు రాశారు. పూటకొకటి, రోజుకు మూడు, ఖాళీ కడుపున, పది రోజులు. "జ్వరం దిగినా ఆపొద్దు" అని రెండుసార్లు చెప్పారు. రెండోసారి నా కళ్లలోకి చూసి చెప్పారు. అప్పటికే నా మనసు ఆఫీసు మీదికి పోయింది.

మూడో రోజుకు జ్వరం దిగింది. నాలుగో రోజు పిల్ల లేచి ఆడుకుంది. మా సందులో అన్ని ఇళ్లలోనూ ఒక పద్ధతి ఉండేది. జ్వరం దిగితే మందు ఆపేయాలి. మిగిలిన గోళీలు ఒక డబ్బాలో వేసి అటకమీద పెట్టాలి. మళ్లీ ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే ఆ డబ్బా దిగుతుంది. పక్కింటివాళ్లు "తెల్లగోళీలు ఉన్నయా, మా పిల్లగానికి ఒళ్లు వెచ్చగున్నది" అని గిన్నె పంచదారకు వచ్చినట్టే వచ్చేవాళ్లు. ఏ గోళీ దేనికో ఎవరికీ తెలియదు. ఇంగ్లీషు మందు వేడి చేస్తుందని, ఎంత తక్కువ మింగితే అంత మంచిదని మా అమ్మ నమ్మకం.

కాని ఆ పద్ధతి మీదికి నేను తప్పు నెట్టలేను. ఎందుకంటే అనసూయ ఆపనంది. "పది దినాలని చెప్పిన్రు గదా, వేస్తనే ఉంట" అంది. ఆపించింది నేను. నాలుగో రోజు నుంచే నా దవడ పన్ను పీకుతోంది. పళ్ల డాక్టరు దగ్గరికి పోవాలంటే నాకు చిన్నప్పటినుంచీ భయం. పెన్సిలిన్‌తో చీము ఎండిపోతుందని ఆఫీసులో ఎవరో అన్నారు. ఇంట్లో పెన్సిలిన్ ఉంది.

ఐదో రోజు పొద్దున అనసూయతో, "తొవ్వల డాక్టర్ సాబ్ కలిసిండు. పిల్లకు తగ్గిందంటే ఇగ చాలన్నడు" అని చెప్పాను. డాక్టరుగారు నాకు కలవలేదు.

"నిజంగనే చాలన్నడా?"

"నేనెందుకు అబద్ధం చెప్తనే?"

ఆమె గోళీల పొట్లం నా చేతికిచ్చింది. డబ్బాలో వేస్తానని చెప్పి జేబులో వేసుకున్నాను.

రెండు రోజులు వేసుకునేసరికి పన్ను సలుపు తగ్గింది. మూడో రోజు ఏడో గోళీ వేసుకుని ఆఫీసుకు వెళ్లాను. గంట తిరక్కముందే అరచేతులు దురద పెట్టాయి. తర్వాత మెడ, వీపు. చూస్తుండగానే ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు లేచాయి. పెదవి దొప్పలా ఉబ్బింది. ఆఫీసు నుంచి దిగి ఆబిడ్స్ చౌరస్తాలో ఒక మందుల దుకాణంలోకి వెళ్లాను. దుకాణం పెద్దమనిషి నన్ను చూడగానే ఏం వేసుకున్నావని అడిగాడు. చెప్పాను. దురదకు ఒక గోళీ ఇచ్చి, "పెన్సిలిన్ మీ ఒంటికి పడలేదు. ఈ జన్మల మల్ల ముట్టకున్రి. ఈపారి దద్దులతోటి పోయింది, మల్లపారి గొంతు పట్టుకుంటది, ఊపిరాడదు. ఏ డాక్టర్ దగ్గరికి పోయినా ముందుగాల ఇదే చెప్పున్రి" అన్నాడు. పేరు కూడా అడగని మనిషికి అంత జాగ్రత్తగా చెప్పాడు. స్టూలు మీద కూర్చోబెట్టి, నా ఊపిరి చూస్తూ అరగంట పోనివ్వలేదు.

మిగిలిన పదకొండు గోళీలు దారిలో మోరీలో పారేశాను. ఇంటికి పోయాక అనసూయ నా ముఖం చూసి కంగారుపడింది. "పొద్దున తిన్న వంకాయ పడలేదేమో" అన్నాను. ఆ రోజు నుంచి మా ఇంట్లో వంకాయ వండటం మానేసింది. ఆమెకు వంకాయంటే ప్రాణం.

సరిగ్గా ఆ రోజుల్లోనే అనసూయ పండ్లు కొనడానికి మొజంజాహీ మార్కెట్‌కు వెళ్తూ విమలను వెంట తీసుకెళ్లింది. గొంతు బాగైందని పిల్ల అడిగితే ఐస్‌క్రీం కొనిపెట్టింది. ఇంటికొచ్చాక విమల సంతోషం ఆపుకోలేక నాయనమ్మకు చెప్పేసింది.

మూడు వారాలు గడిచాయి. ఒక పొద్దున విమల మంచం మీదనుంచి లేవలేకపోయింది. ఎడమ మోకాలు ఎర్రగా వాచింది. మర్నాడు అది తగ్గి కుడి చీలమండకు వచ్చింది, ఆ మర్నాడు మోచేతికి. దుప్పటి తగిలినా ఏడ్చేది. డాక్టరుగారు గుండె మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నారు. అప్పుడే నన్ను ఆ మాట అడిగారు. నేను ఆ జవాబే చెప్పాను. అనసూయ పక్కనే ఉంది. డాక్టర్ సాబే ఆపమన్నాడని నేను ఆమెకు చెప్పి ఉన్నాను కదా. ఆమె ఆశ్చర్యంగా నావైపు చూసింది. మగవాళ్లు మాట్లాడుకుంటుంటే మధ్యలో ఎందుకని ఊరుకుంది. బయటికొచ్చాక అడిగితే, "నాలుగు దినాలంటే పిల్లను మనం సరిగ్గ చూసుకోలేదనుకుంటడు. తను చెప్పింది తనే మర్చిపోయిండు" అని సర్దేశాను. ఒక అబద్ధానికి ఇంకో అబద్ధం దానంతటదే దొరుకుతుంది.

డాక్టరుగారు చెప్పింది ఇది. "గొంతుల పురుగు పూర్తిగ సావకపోతే కొంతమంది పిల్లలకు గిట్ల కీళ్లవాతం జ్వరం వస్తది. కీళ్లనొప్పి పోతది. నా ఫికర్ గుండె గురించి."

అఫ్జల్‌గంజ్ దగ్గరి పెద్ద దవాఖానలో రెండు నెలలకు పైగా పెట్టారు. పిల్ల మంచం దిగకూడదు. అనసూయ అక్కడే నేల మీద పడుకునేది. నేను పొద్దున ఆఫీసుకు పోయే ముందు, సాయంత్రం వచ్చేటప్పుడు బస్సులో టిఫిన్ క్యారియర్ పట్టుకుని వెళ్లేవాణ్ని. వార్డు తలుపులు తెరిచేదాకా రోగుల చుట్టాలందరం వరండాలో కూర్చునేవాళ్లం. అక్కడ అందరం ఒకరి డబ్బాలో అన్నం ఒకరం తిన్నాం. మెదక్ నుంచి వచ్చిన ఒక టీచరమ్మ, తన కొడుకును చూసుకుంటూనే, అనసూయ స్నానానికి పోయినప్పుడల్లా విమల పక్కన కూర్చుని లెక్కలు చెప్పేది. పడుకునేముందు తన కొడుకుతోపాటు విమల కోసం కూడా ప్రార్థన చేసేది. ఏసు ప్రార్థన మాకు అలవాటు లేకపోయినా అనసూయ ఆమెతోపాటు చేతులు జోడించేది.

అమ్మ ఒక్కసారే వార్డుకు వచ్చింది. వచ్చి మనవరాలి కాళ్లు నిమిరి, అందరూ వినేలా కోడలితో, "గొంతు లేసిన పిల్లకు ఐసు తినవెట్టినవ్. గా సలి కీళ్లల్ల జొచ్చింది. ఇప్పుడు నేల మీద పండుకుంటే ఏమొస్తది?" అంది.

అనసూయ తల వంచుకుంది. నేను టిఫిన్ క్యారియర్ గిన్నెలు విడదీస్తున్నాను.

విమల చిన్న గొంతుతో, "అమ్మ వద్దన్నది నాయనమ్మా. నేనే మొండి చేసిన. నేను అడగకపోతే గిట్ల గాకపోవు" అని ఏడ్చింది.

నేను గిన్నెలు విడదీస్తూనే ఉన్నాను. చెప్పాల్సింది అప్పుడే. అంతకంటే మంచి సమయం మళ్లీ రాలేదు.

దసరా ముందు ఇంటికి తీసుకొచ్చాం. గుండెలో కొంచెం చప్పుడు ఉందని, మళ్లీ గొంతు పట్టకుండా చూసుకుంటే పోవచ్చని చెప్పారు. ఏడాదిపాటు పరుగెత్తకూడదు. నెలకొకసారి పెన్సిలిన్ సూది. "గోళీలు పూర్తిగ వేసినా పని చెయ్యలేదంటున్నరు. గోళీలను నమ్మను. సూదే వేద్దాం" అన్నారు డాక్టరుగారు. ఆ మాట నా అబద్ధం నుంచి పుట్టింది.

ఆ సూది మామూలు సూది కాదు. మందు సున్నంలా చిక్కగా ఉండేది. తుంటిలోకి మెల్లగా దించాలి. రెండు రోజులు కుంటుతూ నడిచేది. నెల దగ్గరపడుతుంటే పిల్లకు అన్నం సయించేది కాదు. సూది వేసేది కాంపౌండర్ ఖాజా భాయ్. పొట్టి మనిషి, తెల్లగడ్డం. "బేటీ, పదమూడో ఎక్కం చెప్పు. పదమూడెనిమిదుల దాకా వచ్చేలోపల నేను నీ జోలికి వస్తే అడుగు" అనేవాడు. విమల ఏడుస్తూ ఎక్కం చెప్పేది. తప్పు చెప్తే, "మళ్లా మొదటినుంచి. నాకేం జల్దీ లేదు" అనేవాడు. దానికి ఏడుస్తూనే నవ్వొచ్చేది. అలా పదిహేను పదహారు సూదులు. ప్రతిసారీ గది బయట బెంచీ మీద కూర్చుని ఆ ఎక్కం విన్నాను.

అరవై ఎనిమిది మొదట్లో నా పన్ను మళ్లీ తిరగబెట్టింది. ఈసారి దవడ మొత్తం వాచి నోరు తెరుచుకోలేదు. జ్వరం. అనసూయే రిక్షా పిలిచి అదే దవాఖానకు తీసుకెళ్లింది. డాక్టరుగారు చూసి, చీము చాలా ఉంది, ముందు పెన్సిలిన్ సూది పడాలి, తర్వాత గోళీలు, వాపు తగ్గాక పన్ను తీయించాలి అని చీటీ రాసి మమ్మల్ని ఖాజా భాయ్ దగ్గరికి పంపారు.

ఖాజా భాయ్ చీటీ చదివి అడిగాడు. "పెన్సిలిన్ పడ్తది గదా సాబ్ మీకు? ఇంతకుముందు ఎప్పుడైనా తీసుకున్నరా?"

తీసుకోలేదన్నట్టు తల అడ్డంగా ఊపాను.

నోరు తెరవలేనని అనసూయ నా తరఫున మాట్లాడింది. "ఈయనకు వంకాయ ఒక్కటే పడది భాయ్. కడమవన్నీ పడ్తయ్."

"వంకాయనా?"

"ఒకపారి తింటే ఒళ్లంత దద్దులు. మూతి ఇంత లావయింది. విమలకు గొంతు లేసినప్పుడే."

ఖాజా భాయ్ నావైపు ఒక క్షణం చూశాడు. "ముందుగాల చిన్న టెస్టు చేద్దాం. జర కూసోండి" అని లోపలికి పోయాడు. స్టవ్ మీద గిన్నెలో సూదులు మరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

బెంచీ మీద కూర్చున్నాను. ఆబిడ్స్ దుకాణం మనిషి చెప్పిన ప్రతి మాటా గుర్తుంది. చెబితే ఆ గోళీలు ఎవరివి అని అడుగుతారు. చెప్పకపోతే గొంతు పట్టుకుంటుంది. ఇంత తేలికైన లెక్క తేల్చుకోలేక కూర్చున్నాను. టెస్టులో ఏమీ కాకపోవచ్చు అనుకున్నాను. ఖాజా భాయ్ టెస్టు మరిచి సూది వేసేస్తే వేసేయనీ అని కూడా అనుకున్నాను. అప్పుడు నా మనసులోకి మా అమ్మ గొంతు వచ్చింది. నేను ఈ బెంచీ మీద పోతే అమ్మ అనసూయనే అంటుంది. ఈ దవాఖానకు ఎందుకు తీసుకొచ్చావని అంటుంది. అనసూయ అప్పుడు కూడా తల వంచుకుంటుంది. నేను చచ్చాక కూడా నా బదులు ఆమే మాటలు పడుతుంది.

లేచి లోపలికి వెళ్లాను. "ఆగు భాయ్" అన్నాను. మాట సరిగ్గా రాలేదు. "పెన్సిలిన్ నాకు పడది. గా దద్దులు వంకాయవి గావు."

ఖాజా భాయ్ చేతిలోని సీసా కింద పెట్టి, నా భుజం పట్టుకుని నేరుగా డాక్టరుగారి గదిలోకి తీసుకెళ్లాడు. అనసూయ వెనకే వచ్చింది.

"ఎప్పుడు తీసుకున్నరు? ఎవరిచ్చిన్రు?" అన్నారు డాక్టరుగారు.

"ఎవరూ ఇయ్యలే సాబ్. విమల గోళీలు. నేను మింగిన."

"మరి పిల్లకు?"

"నాలుగు దినాలే వేసినం. ఆపమని మీరే చెప్పిన్రని ఇంట్ల చెప్పిన. మీరు చెప్పలే."

ఆయన కలం కింద పెట్టారు. నన్ను తిడతారనుకున్నాను. తిట్టలేదు. "గిది అప్పుడే చెప్తే నేను గోళీల మీద నమ్మకం పోగొట్టుకోకపోదును. పిల్లకు ఇన్ని సూదులు అవసరం ఉండకపోవు" అన్నారు. తర్వాత నా కార్డు మీద ఎర్ర సిరాతో పెన్సిలిన్ ఇవ్వరాదని రాసి, అదే మాట చిన్న కాగితం మీద రాసి చేతికిచ్చారు. "ఇది జేబులో ఉండాలె. బొంద పెట్టేదాకా." వేరే రకం మందు రాశారు.

గది తలుపు దగ్గర అనసూయ నిలబడి ఉంది. రిక్షా పిలవలేదు. నడిచాం. సగం దారిలో ఆమె, "అయితే వంకాయ గూడ ఉత్తదేనా?" అంది. తల ఊపాను. మా సందు మలుపు దగ్గర ఆగి, "గోళీలు మింగిన్రు, పోనీ. పన్ను నొప్పికి మనిషి ఏమైనా చేస్తడు. కాని వార్డుల పిల్ల నేనే అడిగిన అని ఏడ్చినప్పుడు మీరు గాడ్నే ఉంటిరి" అంది.

"తప్పయింది" అన్నాను.

"నాకు చెప్తే ఏమొస్తది? అన్నది నన్ను ఒక్కదాన్ని గాదు. అత్తమ్మ ముందట చెప్పున్రి, పిల్ల ముందట చెప్పున్రి."

కొత్త మందుకు నాలుగు రోజుల్లో వాపు దిగింది. ఈసారి ఒక్క గోళీ కూడా మిగల్చలేదు. పన్ను కూడా తీయించాను. ముప్ఫై ఏళ్లు భయపడ్డ పని ఐదు నిమిషాల్లో అయిపోయింది. విమలకు డాక్టరుగారు సూది ఆపి గోళీలు మొదలుపెట్టారు, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఒక్క పూట కూడా తప్పించనని దాని చేత మాట తీసుకున్నాకే. నా ఒంటికి పడని ఆ గోళీయే నా బిడ్డ గుండెను కాపాడింది. ఏళ్ల తరబడి రోజూ వేసుకున్నా దానికి ఒక్క దద్దురూ రాలేదు. కిందటేడు పెద్ద దవాఖానలో పరీక్ష చేసి, గుండెలో చప్పుడు వినపడటం లేదని, గోళీలు ఇక ఆపొచ్చని చెప్పారు. ఆపమన్నది నిజంగా డాక్టరేనా అని అనసూయ వెళ్లి మళ్లీ అడిగి వచ్చింది. ఆమెను తప్పుపట్టే హక్కు నాకు లేదు. విమల ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. బస్సు అందుకోవడానికి పరుగెత్తుతుంది. మొదటిసారి చూసినప్పుడు ఆగమని కేకేశాను, తర్వాత చాలాసేపు ఒక్కణ్నే నవ్వుకున్నాను.

జ్వరం దిగినంత మాత్రాన జబ్బు పోయినట్టు కాదు. డాక్టరు ఎన్ని రోజులు చెబితే అన్ని రోజులు వేయాలి. ఒకరికి రాసిన గోళీ ఇంకొకరు మింగకూడదు. మందు వేసుకున్నాక దద్దుర్లు లేచినా, మూతి ఉబ్బినా, అది ఎంత సిగ్గుపడే సంగతయినా అడిగినవాళ్లకు చెప్పాలి. మా అటకమీద డబ్బా ఆ ఏడాదే తీసేశాం.

ఇక మిగిలింది అనసూయ అడిగిన మాట. దవడ వాపు తగ్గనీ అన్నాను, తగ్గింది. పన్ను తీయించనీ అన్నాను, తీయించాను. పన్నెండు రోజులు అలా నెట్టాను. అనసూయ ఒక్కసారి కూడా గుర్తుచేయలేదు. గుర్తుచేస్తే బాగుండునని నేనే కోరుకున్నాను.

పదమూడో రోజు ఆదివారం. పొద్దున అమ్మ గడప దగ్గర కూర్చుని చాటలో కందిపప్పు ఏరుతోంది. విమల పక్కన కూర్చుని రాళ్లు ఏరి ఇస్తోంది. అనసూయ నీళ్ల బిందె దించుతుంటే అమ్మ అలవాటుగా, "గా పిల్లకు సల్లనీళ్లు వొయ్యకు. ఒక్కపారి చేసింది సాలదా" అంది.

అనసూయ బిందె మీద మూత పెట్టింది.

నేను వెళ్లి అమ్మ ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"అమ్మా, ఐస్‌క్రీంతోటి ఏం గాలేదు."

"ఏందిరా?"

"విమలకు రావాల్సిన గోళీలు నేను మింగిన. డాక్టర్ ఆపమన్నడని అనసూయకు అబద్ధం చెప్పిన. డాక్టర్‌కు అబద్ధం చెప్పిన. కీళ్లు వాచింది అందుకే. ఇన్ని దినాలు నువ్వు అన్న మాటలన్నీ నన్ను అనవలసినవి."

అమ్మ చేతులు పప్పులో ఆగిపోయాయి. నన్ను చూసింది, కోడల్ని చూసింది. "నువ్వారా" అంది, అంతే.

విమల నావైపే చూస్తోంది. దాని కళ్లలో కోపం లేదు, ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టుంది. "నేను అడిగినందుకు గాదా నాయినా?" అంది.

"గాదు బిడ్డా. నువ్వు ఏ తప్పూ చెయ్యలే. మీ అమ్మ ఏ తప్పూ చెయ్యలే."

అనసూయ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆమె వైపు తిరిగి, అమ్మా కూతురూ వింటుండగా, చేతులు జోడించాను.

"తప్పు నాది అనసూయా. నువ్వు పడ్డవి నేను పడాల్సినవి. నన్ను మాఫ్ చెయ్యి."